చెన్నమ్మకు చెప్పని మాట

నల్లబండపల్లె మాలగేరిలోని క్రైస్తవుల గుడికి ప్రభువు బల్ల, అంటే రొట్టె పంచే ఆరాధన, మూడు నెలలకు ఒకసారి వచ్చేది. మిగిలిన ఆదివారాలు ఉపదేశి సోమప్పే పాటలు పాడించి, వాక్యం చదివి, నాలుగు మాటలు చెప్పేవాడు. రొట్టె విరిచే అధికారం మాత్రం కదిరి పాస్టరు అయ్యగారిదే. ఆయన కదిరిలో బస్సెక్కి, రోడ్డు మీద దిగి, రెండు మైళ్లు నడిచి వచ్చేవారు. ప్రసంగం అయ్యాక అందరూ ఒక పాట పాడేవాళ్లు. పాట ముగియగానే ఆయన బల్ల మీది తెల్లగుడ్డ తీసేవారు.

ఆ పాట మొదలు కాగానే చెన్నమ్మ లేచి బయటికి నడిచేది. ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమె వెనకే పసిబిడ్డల తల్లులు వచ్చి, గోడ నీడలో చాప పరుచుకున్న ఆమె దగ్గర బిడ్డల్ని దింపి లోపలికి పోయేవాళ్లు.

"అత్తా, వీనికి పండ్లొస్తాండాయి. కొరుకుతాడు, పైలం," అనేది సోమప్ప కూతురు సిద్దమ్మ.

"కొరకనీలే. మీ నాయన ప్రసంగం కంటే నొప్పి ఉంటుందా?"

సిద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వుతూ లోపలికి పోయేది. లోపల రొట్టె పళ్లెం వరసలు తిరుగుతున్నంతసేపు చెన్నమ్మ బిడ్డల మీద వాలే ఈగల్ని తోలుతూ కూర్చునేది.

ఆమె సోమప్పకు సొంత చెల్లెలు. వయసు ముప్పై ఎనిమిది. పన్నెండేళ్లుగా ఆమె బల్ల తీసుకోలేదు. ఎందుకో గేరిలో నడక వచ్చిన ప్రతి బిడ్డకూ తెలుసు.

చెన్నమ్మ ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అమ్మ, నాయన ఒకే వారంలో గత్తర తగిలి పోయారు. అప్పటికి సోమప్పకు పదహారేళ్లు. చెల్లెల్ని ఎవరింటికీ పంపకుండా తానే సాకాడు. పగలు సేద్యం పనికి పోయి, సాయంత్రం మిషన్ బడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. శనక్కాయలు వలుస్తూ పరలోక ప్రార్థన ఒక్కో ముక్కే ఆమె చేత చెప్పించాడు. ముక్క తప్పితే ఒక కాయ లాక్కునేవాడు, సరిగ్గా చెబితే రెండు ఇచ్చేవాడు. చెన్నమ్మకు దేవుడంటే మొదట తెలిసింది అన్న గొంతులోనే. పెద్దయ్యాక కూడా ఆమె కళ్లు మూసుకుంటే ఆ గొంతే వినిపించేది.

ఉపదేశి అయ్యాక సోమప్పే ఆమెకు పుల్లన్నతో పెండ్లి చేశాడు. పుల్లన్న బండలు కొట్టే పనివాడు. నల్లబండ గుట్టలో పని ఉండటంతో గేరిలోనే గుడిసె వేసుకున్నాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, రూతు.

డెబ్బై రెండులో వాన మొగం చాటేసింది. వేసిన విత్తనం మట్టిలోనే మాడింది. గుట్టలో పని ఆగిపోయి పుల్లన్న బెంగళూరు పక్క కూలికి పోయాడు. చెన్నమ్మ చింతగింజలు వేయించి, పొట్టు తీసి, ఉడకబెట్టి రూతుకు పెట్టేది. నాలుగేళ్ల బిడ్డ అవి మింగలేక ఏడ్చేది.

ఆ ఏడు ఊళ్లోవాళ్లు వాన కోసం మలరాయుని ఎత్తారు. మట్టితో బొమ్మ చేసి, వేపమండలు చుట్టి, పలక మీద నెత్తిన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగారు. ఇంటివాళ్లు బొమ్మ మీద చెంబెడు నీళ్లు పోసి దోసెడు గింజలు ఇవ్వాలి. తొమ్మిదో రోజు ఆ గింజలన్నీ కలిపి ఎండిన వంకలో గంజి కాచి, వచ్చినవాళ్లందరికీ పోస్తారు. గేరివాళ్లకు వేరే కుండ, కాస్త ఎడంగా.

ముందు ఆదివారమే సోమప్ప గుడిలో గట్టిగా చెప్పాడు. అది విగ్రహం పేరు మీద కాచిన గంజి. దాన్ని తాగిన నోటితో ప్రభువు రొట్టె తిన్నవాడు తన మీదికి తానే శిక్ష తెచ్చుకుంటాడు. పైవారమే బల్ల ఉంది, ఎవరి నోరు వాళ్లు చూసుకోండి.

గంజి కాచిన రోజు మధ్యాహ్నం నుంచీ ఆ వాసన గేరి మీదికి వస్తూనే ఉంది. చెన్నమ్మ తలుపు మూసుకొని కూర్చుంది. పొద్దు గుంకే వేళకు రూతు ఏడవడం కూడా మానేసింది. ఏడుపు కంటే అదే ఆమెను భయపెట్టింది. గిన్నె కొంగు కింద పెట్టుకొని వంకకు పోయింది. అప్పటికి అక్కడ గేరివాళ్లెవరూ లేరు. గేరి కుండలో అడుగున ఉన్న గంజిని ఊరి మనిషి ఒకతను గీకి పోశాడు. ఇంటికి తెస్తే రూతు గిన్నె ఎత్తి తాగింది. మిగిలిన రెండు గుక్కలు చెన్నమ్మ తాగింది.

ఆదివారం అప్పటి పాస్టరు జీవరత్నం అయ్యగారు వచ్చారు. పళ్లెం వరస వెంట వస్తుంటే చెన్నమ్మ లేచి పోదామనుకుంది. తీసుకోకపోతే పక్కవాళ్లు ఎందుకని అడుగుతారు. తీసుకుంది. మంగళవారం రూతుకు వాంతులు, బేదులు, జ్వరం పట్టుకున్నాయి. శుక్రవారం తెల్లవారేసరికి బిడ్డ లేదు.

గుంత పూడ్చి వచ్చాక చెన్నమ్మ అన్న కాళ్ల దగ్గర కూర్చుని గంజి సంగతి చెప్పింది. ఆమె ఉపదేశికి చెప్పుకోలేదు, తనను సాకిన అన్నకు చెప్పుకుంది. సోమప్ప ఆమె తల మీద చెయ్యి పెట్టి, "దేవుడు న్యాయవంతుడు చెన్నమ్మా," అన్నాడు.

ఆ ఆదివారం అదే మాట గుడిలో, అందరి ముందు, ఆమె పేరు పెట్టి చెప్పాడు. యోగ్యత లేకుండా తింటే ఏమవుతుందో ఊరూరా అడగనక్కరలేదు, మన మధ్యే చూసినామన్నాడు. ఆడవాళ్లు బిడ్డల్ని దగ్గరికి లాక్కున్నారు. చెన్నమ్మకు అన్న మీద కోపం రాలేదు. ఉన్న మాటే అన్నాడనుకుంది. పై నెలల్లో అయ్యగారు వచ్చి విని, కొన్నాళ్లు బల్లకు దూరంగా ఉండి ప్రార్థన చేసుకోమ్మా అని మెత్తగా చెప్పి, సంఘం పుస్తకంలో నిలుపుదల రాశారు.

ఆ కొన్నాళ్లు ముగిసినట్టు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పుల్లన్న తిరిగి వచ్చాడు. ఆమె అతని పక్కన పడుకోవడం మానేసింది.

"ఇంగో బిడ్డ పుడితే ఆయన మళ్లా తీసుకుంటాడు. నా లెక్క ఇంకా తీరల్యా," అనేది.

"ఎవురు చెప్పిరి నీకు తీరల్యా అని?"

"తీరింటే బల్లకు పిలవరా?"

పుల్లన్న అయిదేళ్లు ఓర్చుకున్నాడు. చివరికి సుత్తులు, ఉలులు సంచిలో వేసుకుంటూ, "నీ దేవుడు నీ ఒళ్లోనే కూర్చోనుండాడు. ఇంగ నేను యాడ కూర్చోవాలమ్మే?" అని బెంగళూరు పోయాడు. రెండేళ్లకు అక్కడే ఇంకొకామెతో సంసారం పెట్టాడని తెలిసింది. చెన్నమ్మ దాన్ని కూడా ఆ గిన్నెడు గంజికే జమకట్టుకుంది.

ఆమె శుక్రవారాలు ఉపవాసం ఉండేది. శనివారం గుడి ఊడ్చి పేడతో అలికేది. మళ్లీ రెండుసార్లు కరువొచ్చింది, రెండుసార్లూ ఊళ్లో మలరాయుని ఎత్తారు. గేరి నుంచి ఒక్క గిన్నె కూడా వంకకు పోలేదు. బిడ్డ మారాం చేస్తే తల్లి గోడ నీడలో ఉన్న చెన్నమ్మ వైపు కళ్లతో చూపించేది. చెన్నమ్మ అది చూసి తల వంచుకునేది.

ఎనభై నాలుగు ఆగస్టులో గుడికి బోదగడ్డి కప్పు తీసేసి బండల కప్పు వేశారు. ప్రతిష్ఠకు కదిరి అయ్యగారికి ఒంట్లో బాగాలేక, పని విరమించి గుత్తిలో ఉంటున్న జీవరత్నం అయ్యగారిని పిలిచారు. ఆయన డెబ్బై మూడు చివర్లోనే ఇక్కడి నుంచి బదిలీ అయిపోయారు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు సోమప్ప చెప్పిందే విన్నారు. ఇప్పుడు జుట్టంతా తెల్లబడి, లావు కళ్లద్దాలతో, బస్సు దగ్గరి నుంచి ఎద్దులబండిలో వచ్చారు. ప్రసంగం అయింది. పాట మొదలైంది. చెన్నమ్మ లేచింది. సిద్దమ్మ బిడ్డతో కలిపి ఆ రోజు అయిదుగురు బిడ్డలు.

లోపల అందరికీ రొట్టె ఇచ్చాక అయ్యగారు పళ్లెం కింద పెట్టలేదు.

"బయట బిడ్డల్ని చూస్తున్న తల్లి ఉంది కదా? ఆమెను లోపలికి పంపి బిడ్డల్ని చూడటానికి ఇంకెవరూ పోలేదేం?" అని అడిగారు.

సోమప్ప లేచి, "నేను చూసుకుంటాను అయ్యగారూ, మీరు కూర్చోండి," అన్నాడు. కానీ ఆయన అప్పటికే ఒక ముక్క తీసుకొని, గడప దాటి, ఎండలోకి వచ్చారు.

"తీసుకో అమ్మా. చేతిలో బిడ్డ ఉంటే నోట్లో పెడతాను."

చెన్నమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. "నాకు బల్ల ల్యా అయ్యగారూ."

"ఎందుకు లేదు?"

"నేను చెన్నమ్మను. మీరే నిలిపితిరి గదా."

ఆయన కళ్లద్దాలు సర్దుకొని ఆమెను చూశారు. గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది.

"నిలిపినాను. ఈస్టరుకు విడుదల చేసినాను కదమ్మా?"

"ఏ ఈస్టరుకు?"

"ఆ వెంటనే వచ్చిన ఈస్టరుకే. డెబ్బై మూడులో. నువ్వు రోడ్డు పనికి పోయినావని, నెల దాకా రావని మీ అన్న చెప్పినాడు. పుస్తకంలో రాసి సంతకం పెట్టి, వచ్చిన రోజే చెప్పమని ఆయనకు అప్పజెప్పినాను."

ఆమె ఒళ్లోని బిడ్డ ఏడుపందుకున్నాడు. చెన్నమ్మ వాణ్ని ఊపడం మరిచిపోయింది.

"ఆ యెనక మీరు రెండుతూర్లు వస్తిరి," అంది. "నేను ఈడనే కూర్చోనుంటిని."

"చూసినాను. బిడ్డల కోసం నువ్వే ఉంటున్నావనుకున్నాను."

"అడగల్యా."

"అడగలేదమ్మా," అన్నారు అయ్యగారు.

ఆయన వెనక్కి తిరిగి సోమప్పను సంఘం పుస్తకం తెమ్మన్నారు. పుస్తకం ఇంట్లో ఉందని, భోజనాలు అయ్యాక తెస్తానని సోమప్ప అన్నాడు. ఇప్పుడే తెమ్మన్నారు అయ్యగారు. సోమప్ప తువ్వాలు భుజాన వేసుకొని నడిచాడు. చెన్నమ్మ బిడ్డల్ని ఎవరి తల్లులకు వాళ్లను అప్పగించి, అతని వెనకే పోయింది.

ఇంట్లో వదిన నల్లమ్మ పండుగ వంటకు మసాలా నూరుతోంది. సోమప్ప గూట్లో నుంచి పుస్తకం తీశాడు. చెన్నమ్మ వాకిట్లో నిలబడింది.

"అన్నా, అయ్యగారు చెప్పింది నిజమేనా?"

సోమప్ప పుస్తకం దుమ్ము దులిపాడు. "నిజమే."

"ఏటికి చెప్పల్యా?"

"ముందు చెప్పల్లనే అనుకుంటి. నువ్వు పని నుంచి వచ్చేలోపల ఒకటి చూస్తిని. దేవర పండక్కు ఊళ్లో పొట్టేలును కోస్తే, కూరకు గేరిలో ఒక్కరు పోల్యా. నేను పదేండ్లు గొంతు చించుకొని చెప్పినా విననోళ్లు పోల్యా. ఏటికి? నిన్ను సూసి. నా ప్రసంగానికి భయపడనోళ్లు నిన్ను సూసి భయపడినారు. నిన్ను లోపలికి పిలిస్తే ఏమంటారు? ఇంతేనా, మూడు నెలలు బయట కూర్చుంటే సరిపాయె అంటారు. మళ్లా అందరూ అటే పోతారు."

"అంటే నన్ను సేన్లో బెదురుబొమ్మ మాదిరి నిలబెడితివి."

"సంఘం కోసం నిలబెడితిని. నా కోసమా? నా చెల్లెలు బయట కూర్చుంటే నాకి బాధ ల్యా అనుకుంటివా? నిన్ను నేను ఎట్ల సాకినాను?"

"సాకినావు. దానికేనా ఈ కూలి?"

"పెద్ద మాటలొద్దు."

"పుల్లన్న పోయెనప్పుడన్నా చెప్పొచ్చు గదా? నా లెక్క తీరల్యా, తీరల్యా అని వాన్ని దగ్గరికి రానియ్యకపోతి. నువ్వు ఆ గూట్లో పెట్టుకొని ఉంటివి."

చెన్నమ్మ గొంతు తగ్గించింది. ఇంక ఆమె అడగదలచుకున్నది ఒక్కటే ఉంది.

"సరే. నన్ను విడుదల చేసినాడు, నువ్వు చెప్పకపోతివి. అది నీ పాపం, నువ్వు సూసుకో. నాకి ఇది చెప్పు. రూతును దేవుడు ఆ గంజికేనా తీసుకునింది?"

"అది నేను అప్పుడే చెప్పితిని గదా. విగ్రహం గంజి తాగి రొట్టె తింటే..."

"ఇంగ సాలు!" అంది లోపలి నుంచి నల్లమ్మ.

ఆమె రోలు వదిలి, ఎర్రటి చేతులతో వాకిట్లోకి వచ్చింది. "ఏమ్మే చెన్నమ్మా, విను. ఆ పొద్దు నేనూ తాగినా. మధ్యాన్నమే సిద్దమ్మను ఎత్తుకోని పోయి, దానికి గిన్నెడు, నాకి గిన్నెడు తెచ్చుకుంటి. ఆదివారం రొట్టె కూడా తింటి. నాకి తలనొప్పి కూడా రాల్యా. సిద్దమ్మ ఇదో, బిడ్డ తల్లాయె."

"నోరు మూసుకో," అన్నాడు సోమప్ప.

"పన్నెండేండ్లు మూసుకోనుంటి. ఈయప్పకు రూతును పూడ్చి వచ్చిన రాత్రే చెప్పినా. ఉపదేశి పెండ్లాం తాగిందంటే గుడి నవ్వులపాలవుతుంది, అనొద్దు అనె. నీ బిడ్డ పోయింది, నా బిడ్డ ఉండాది, ఏ నోటితో అంటానని నేనూ అనకపోతి."

చెన్నమ్మ అన్న వైపు చూసింది. అతను పుస్తకం మీదే చూపు పెట్టాడు.

"నీకు తెల్సు," అంది ఆమె. "గుడిలో నా పేరు పెట్టి చెప్పిన పొద్దే నీకు తెల్సు."

"మా ఇంట్లో వాళ్లకు ప్రభువు గడువిచ్చినాడేమో, నాకేం తెల్సు? ఆయన న్యాయం మనకు..."

"ఆయన పేరు తీయొద్దు," అంది చెన్నమ్మ.

గుడి దగ్గర భోజనాలకు ఆకులు వేయడం మొదలు కాలేదు. జనం అక్కడక్కడా గుంపులుగా నిలబడి ఉన్నారు. నల్లమ్మతో కలిసి ముగ్గురూ రావడం చూసి లోపలికి వచ్చి కూర్చున్నారు. అయ్యగారు పుస్తకం విప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకొని, తన సంతకం తానే వెతుక్కున్నారు. దొరికింది. వేలితో చూపించి, సోమప్పను సంఘానికి చెప్పమన్నారు.

సోమప్ప ముందుకు వచ్చి, ప్రకటనలు చదివే గొంతుతోనే, "సహోదరి చెన్నమ్మ మీద ఉన్న నిలుపుదల ఈ దినం ఎత్తివేయబడింది. ఇక మీదట ఆమె బల్లలో పాలుపొందవచ్చు," అన్నాడు.

"ఆమెన్," అన్నారు అందరూ. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు సంతోషంతో చేతులు జోడించారు కూడా.

చెన్నమ్మ అయ్యగారి వైపు చూసింది. 'ఈ దినం' అన్న మాటను ఆయన దిద్దుతారనుకుంది. ఆయన ఒకసారి సోమప్పను, ఒకసారి నిండుగా కూర్చున్న సంఘాన్ని చూశారు. తర్వాత పుస్తకం మూసేశారు.

"దా అమ్మా," అన్నారు, పళ్లెంలో మిగిలిన రొట్టె అందుకుంటూ.

చెన్నమ్మ నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. ఆ గుడిలో ఆడవాళ్లు పాడటమే గానీ మాట్లాడే వాడుక లేదు. ఆమె జనం వైపు తిరిగింది.

"ఈ పొద్దు కాదు," అంది. "డెబ్బై మూడు ఈస్టరుకు అయ్యగారు నన్ను విడుదల చేసినాడంట. ఆ పుస్తకంలో ఉండాది. మా అన్న నాకి చెప్పల్యా. ఇంగోటి. నా బిడ్డ జరం వచ్చి పోయింది. దేవుడు సంపల్యా. అదే గంజి మా వదిన తాగె, సిద్దమ్మ తాగె. వాళ్లు ఈడనే ఉండారు."

సిద్దమ్మ తల్లి వైపు చూసింది. నల్లమ్మ ముఖం వంచుకుంది కానీ కాదనలేదు. మగవాళ్ల వరసలో గోడకు ఆనుకొని కూర్చున్న ముసలి ఈరప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఉపదేశి ఇంట్లోనే కాదు తల్లీ," అన్నాడు. "ఆ పొద్దు మేమూ తాగినాము. బాలప్ప వాళ్లు తాగినారు. గేరికి పెట్టిన కుండ పెద్దది. నువ్వు పొయ్యేలోపల ఎట్ల అడుగుపట్టిందనుకుంటివి?"

"ఊరకుండు మామా," అన్నాడు బాలప్ప.

"యాల ఊరకుండల్ల? పొయ్యే కాలానికన్నా అననీ. అందరమూ తాగితిమి, అందరమూ రొట్టె తింటిమి. ఈయమ్మ బిడ్డ పోయినాక మన పానాలు యాడికో పాయె. ఈయమ్మ బయట కూర్చుంటే, శిక్ష ఆడికి సరిపాయెలే, మన దాంక రాదులే అనుకుంటిమి. అనుకోల్యా బాలప్పా? నిజం చెప్పు."

వెనక వరసలో ఒకామె ఏడవడం మొదలుపెట్టింది. ఇంకొకామె అందుకుంది. వాళ్లెవరో ఒక్కో ముఖం చూసి చెన్నమ్మ తెలుసుకుంటోంది. ఒకరి కొడుకును నిన్న మొన్నటి దాకా ఎత్తుకుంది. ఇంకొకరి కూతురికి అమ్మవారు పోస్తే మూడు రాత్రులు విసనకర్రతో విసిరింది. వాళ్లెవరూ చేయని పాపం తానొక్కతే చేశాననే ఆమె ఇన్నేళ్లూ వాళ్ల ఎదుట తల వంచుకుంది.

అయ్యగారి కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. ఆయన రొట్టె ముక్క పట్టుకొని ఆమె దగ్గరికి వచ్చారు.

"చెన్నమ్మా, తప్పు నాది కూడా ఉంది. దేవుడు న్యాయం తీర్చేవాడే. కానీ ఆకలికి గంజి తాగితే బిడ్డను తీసుకునే దేవుణ్ని నేను ఎన్నడూ ప్రకటించలేదు."

"మీరు ప్రకటించల్యా. ప్రకటించినోన్ని ఆపనూ ల్యా."

"లేదు. అందుకే అడుగుతున్నాను. మమ్మల్నందరినీ క్షమించి ఇది తీసుకో. ఆయన కనికరం నీకోసం ఎప్పటినుంచో ఎదురుచూస్తోంది."

జనం ఆమె చేతి వైపు చూస్తున్నారు. ఆమె చెయ్యి చాపితే ఏడుస్తున్నవాళ్ల ఏడుపు ఆగుతుంది. భోజనాలు మొదలవుతాయి. సోమప్ప వచ్చే ఆదివారం నుంచి మళ్లీ వాక్యం చదువుతాడు. అది అందరి ముఖాల్లోనూ కనిపించింది ఆమెకు.

"బల్ల ఇయ్యకముందు మీరొకటి అడుగుతారు గదా అయ్యగారూ," అంది. "కడుపులో ఎవురి మిందనన్నా ఏమన్నా ఉండాదా అని."

"అవును."

"అడగండి."

ఆయన తటపటాయించి అడిగారు. "నీ మనసులో ఎవరి మీదనైనా పగ ఉందా?"

"ఉండాది," అంది చెన్నమ్మ. "పన్నెండేండ్లు ఏమీ ల్యాకుండా బయట కూర్చుంటి. ఈ పొద్దు ఉండాది. మా అన్న మింద ఉండాది. వీళ్లందరి మిందా ఉండాది. మీ మిందా కొంచెం ఉండాది. ల్యా అని అబద్ధమాడి తినేదానికి నాకి భయం."

"అది పోవాలని ప్రార్థన చేద్దాం," అన్నారు అయ్యగారు. రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టి, రెండు చేతులూ ఎత్తారు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. సోమప్ప కూడా ఎప్పటిలాగే, అందరికంటే ముందే మూసుకున్నాడు.

"కనికరం గల తండ్రీ, మా సహోదరి చెన్నమ్మను..."

"నా కోసం వద్దు అయ్యగారూ," అంది చెన్నమ్మ. "మా అన్న కోసం చెయ్యండి. ఆయప్పకు దేవుడంటే భయం ల్యా."

సోమప్ప కళ్లు తెరిచాడు. అయ్యగారు ఎత్తిన చేతులు దించకుండానే సోమప్ప పేరు చెప్పి మొదటి నుంచి ప్రార్థన మొదలుపెట్టారు. అది ముగిసేదాకా చెన్నమ్మ నిలబడే ఉంది. కళ్లు మూసుకోలేదు.